వెనకట్ట లోపలి గుర్తు

సరే అత్తకి ఆ పేరు పెట్టింది అన్నయ్య పిల్లలు. చిన్నప్పుడు వాళ్ళేం అడిగినా ఆవిడ నోట ముందు వచ్చే మాట అదే. అత్తా, పెన్సిలు చెక్కిపెట్టు. సరే. అత్తా, మా పుస్తకాలకి నువ్వే అట్టలు వెయ్యి. సరే. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నా పేరు మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఆవిడలాగే. వీధిలోవాళ్ళకీ ఆవిడ సరే అత్తే. కాదనడం రాని మనిషంటే లోకానికి ఎంత ముద్దో వేరే చెప్పాలా. నెత్తిన పెట్టుకుంటుంది, పని అయ్యేదాకా.

అన్నయ్యది బైండింగు కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. బోర్డు మీద అన్నయ్య పేరు, గల్లా దగ్గర అన్నయ్య, కాగితం కోసే మిషను దగ్గర అన్నయ్య. సూది దగ్గర ఆవిడ. వెన్ను విరిగిన పుస్తకం వస్తే విప్పి, మడతకి మడత విడదీసి, చిరిగిన అంచులకి పొరలాంటి కాగితం అతికించి, మళ్ళీ కుట్టి, జిగురు పట్టించి, బరువు కింద పెట్టి, ఆరాక అట్ట వేసేది ఆవిడ. పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళు "మీ అన్నగారి చేతిలో ఏదో ఉందండీ" అని మెచ్చుకునేవారు. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

ఆ కొట్టుకి తండ్రి నాటి అలవాటు ఒకటుంది. పని పూర్తయిన పుస్తకానికి వెనకట్ట లోపల, గుడ్డ మడత పక్కన, పెన్సిలుతో కనీకనపడకుండా చిన్న గుర్తు పెడతారు. ఎవరి పుస్తకం, ఏ దారం వాడాం, ఏ జిగురు, అన్నీ ఆ రెండు మూడు గీతల్లోనే. ఆ పుస్తకమే మళ్ళీ మరమ్మతుకి వస్తే తిప్పి చూసి, "ఓహో, మీరా, రండి రండి" అనొచ్చు. వచ్చినవాళ్ళు పొంగిపోతారు. గుర్తుని తమ చేత్తో తామే మోసుకొచ్చామని వాళ్ళకి తెలియదు, వీళ్ళు చెప్పరు.

ఆవిడ జీవితంలో అన్నయ్య గట్టిగా అరిచి వద్దన్నది ఏదీ లేదు. ఒకప్పుడు టీచరు ట్రైనింగుకి వెళ్తానంది. "నీ మంచికే చెప్తున్నానమ్మాయ్, పిల్లల అల్లరి నీ వల్ల కాదు" అన్నాడు. ప్రెస్సులో పనిచేసే ఒకాయన సంబంధం వస్తే, "నీ మంచికే చెప్తున్నా, ఆ మనిషి చూపు నాకు నచ్చలేదు" అన్నాడు. ఆవిడ సరేనంది. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో తెలియాలంటే ఆ ఇంట్లో నాలుగు రోజులు ఉంటే చాలు. కత్తి కనపడదు, రక్తం కనపడదు, కోసినవాడు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉంటాడు.

అలాంటి ఇంటికి ఒక ముసురు రోజున ఇంకో ఊరి పెద్ద గ్రంథాలయం నుంచి తడిసిపోయిన పుస్తకాల మూటలు వచ్చాయి. కప్పు కారిందట. సరే అత్త వాటిని ఒక్కొక్క కాగితమే విడదీసి ఆరబెట్టి బతికించింది. తీసుకెళ్ళడానికి ఆ గ్రంథాలయం అధికారిణి స్వయంగా వచ్చింది. ఆ వేళకి అన్నయ్య పైన కునుకు తీస్తున్నాడు. అధికారిణి ఒక పుస్తకం విప్పి, కుట్టు మీద వేలు పెట్టి, "ఇది మీరే చేశారు కదూ" అంది.

"సరే" అనబోయి, ఆ మాట ఇక్కడ అతకదని తట్టి, "అవునండీ" అంది ఆవిడ.

"మా దగ్గర మరమ్మతుల గది ఒకటి పెడుతున్నాం. మనిషి కావాలి. జీతం ఉంటుంది, సెలవులుంటాయి. ఆలోచించుకుని నెలాఖరులోగా ఫోన్ చెయ్యండి. మీరు కాదంటేనే ఇంకొకరిని చూస్తాను."

ఆ రోజంతా ఆవిడకి సూదిలో దారం ఎక్కలేదు. సంతోషం అంత బరువుగా ఉంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. అన్నయ్యకి చెబితే ఏమవుతుందో మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకని ముందు గది వెతుక్కుని, ప్రయాణం చూసుకుని, అన్నీ కుదిరాక చెబుదాం అనుకుంది. అప్పుడు నీ మంచికే అనడానికి ఆయనకి సందు దొరకదు. జన్మలో మొదటిసారి వేసిన ఎత్తు. పాపం, ఎత్తులు వేయడానికి కూడా అలవాటుండాలి.

కొట్టులో ఒకటే కంప్యూటరు. ఆర్డర్లు దానికే వస్తాయి. పెట్టించింది అన్నయ్యే కానీ, మెయిలు తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ, జవాబులు రాసేదీ ఆవిడ. అన్నయ్య పొద్దున్నే టీ తాగుతూ అందులో వార్తలు చదువుకుంటాడు. మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకుంటే అది ఆవిడ చేతికొస్తుంది. ఆ వేళలో ఆవిడ ఆ ఊళ్ళో ఆడవాళ్ళకిచ్చే గదులు చూసింది. రైళ్ళు చూసింది. చక్రాలున్న పెట్టె ఒకటి చూసి, దాన్నే మళ్ళీ మళ్ళీ చూసింది.

ఏ సైటు తెరిచినా సగం తెర కప్పేస్తూ ఒక పలక లేచేది. మీకు మంచి అనుభవం ఇవ్వడానికి మేము కుకీలు వాడతాము అని దాని మీద రాసి ఉండేది. కింద రెండు దారులు. ఒకటి రంగు పూసిన పెద్ద బటను, "అన్నీ అంగీకరించు". రెండోది చీమ తలకాయంత అక్షరాలతో, "నా ఎంపికలు మార్చు". మనిషి చేత సరే అనిపించాలంటే ఏది పెద్దది చేయాలో ఏది చిన్నది చేయాలో ఆ సైటువాళ్ళకి ఎవరు నేర్పారో గానీ, అన్నయ్యకి నేర్పినవాళ్ళే అయ్యుండాలి. ఆవిడ ప్రతిచోటా పెద్దదే నొక్కింది. అడ్డం తొలగింది కదా, చాలు అనుకుంది.

అన్నయ్య లేచే చప్పుడు వినపడగానే కంప్యూటర్లో చూసినవాటి చరిత్ర చెరిపేసేది. చూసిన పేజీలన్నీ పోతాయని ఆవిడకి తెలుసు. చెరిపే చోట ఇంకో గడి కూడా ఉండేది, కుకీలు తీసేయమంటారా అని. దాని కిందే, తీసేస్తే చాలా సైట్ల నుంచి బయటికి వచ్చేస్తారు అని హెచ్చరిక. బయటికి వస్తే పొద్దున్న మెయిలు పాస్‌వర్డ్ అడుగుతుంది, అన్నయ్య "ఇదేంటే కొత్తగా" అంటాడు. ఎందుకొచ్చిన గొడవని ఆవిడ రోజూ ఆ గడిలో టిక్కు తీసేసి, చరిత్ర ఒక్కటే చెరిపేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే అయింది.

ఒకరోజు పొద్దున్న టీ ఇవ్వడానికి వెళ్తే, అన్నయ్య చదువుతున్న వార్త పక్కన చక్రాల పెట్టె నిలబడి ఉంది. ఆవిడ చూసిన పెట్టే, ఆ నీలం రంగే. కింద ఇంకో బొమ్మ, ఆడవాళ్ళకి అద్దె గదులని.

"ఈ పెట్టెల గోలేంటో, నాలుగు రోజుల నుంచీ ఇదే" అన్నాడు అన్నయ్య, టీ అందుకుంటూ. అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ గండం గడిచిందనుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ప్రింటరు బాగుచేయడానికి మెకానిక్కు వచ్చాడు. అన్నయ్య అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టుకుని ఏదో అడుగుతుంటే, ప్రింటరు గురించే అనుకుంది.

తర్వాత తెర మీది లోకం మారిపోయింది. వార్తల సైటులో "మీ కోసం" అని ఒక వరస ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తింటూ ఆవిడ అదే చదివేది. ఇదివరకు అందులో వానలూ, ధరలూ, ఎవరో గెలిచిన ఆటలూ ఉండేవి. ఇప్పుడు తెరిస్తే చాలు, ఒంటరిగా అద్దెకుంటున్న ఆడమనిషి గదిలో దొంగలు. ఉద్యోగమని పిలిచి మోసం. కొత్త ఊళ్ళో జబ్బుపడి, పలకరించే దిక్కులేక పోయిన నడివయసు మనిషి. పక్కన తలుపు గడియల ప్రకటనలు, కెమెరాల ప్రకటనలు. ఒకటి చదివితే దాని కింద ఇంకో నాలుగు.

లోకం ఇంత పాడైపోయిందా అనుకుంది ఆవిడ. ఎవరూ ఆవిడతో ఒక్క మాట అనలేదు. వెళ్ళొద్దని ఎవరూ చెప్పలేదు. అందుకే నమ్మింది. అన్నయ్య చెప్పుంటే నమ్మేది కాదేమో. ఇది లోకమంతా చెబుతున్న మాట. ఊరు ఊరంతా కూడబలుక్కుని అబద్ధమాడదు కదా.

భయం అన్నం దగ్గర మొదలై పక్క మీదికి వచ్చింది. తలుపు వేసి ఉందో లేదో చూసుకోవడానికి లేచేది. గది చూసి పెట్టుకున్న ఇంటావిడకి ఫోన్ చేయడం మానేసింది. నెలాఖరుకి గ్రంథాలయం నుంచి ఆ అధికారిణే ఫోన్ చేసింది. కొట్టు ఫోను. అన్నయ్య మిషను దగ్గర అట్టలు కోస్తున్నాడు.

"నా వల్ల కాదండీ" అంది ఆవిడ.

"ఇంకోసారి ఆలోచించుకుంటారా?"

"వద్దండీ. మీరు ఇంకొకరిని చూసుకోండి."

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు మొదలైందో ఆవిడ గమనించలేదు. ఆ సాయంత్రం అన్నయ్య బజారు నుంచి ఒక లైటు తెచ్చాడు. మెడ వంచుకునే రకం, మంచిది. ఆవిడ కుట్టే బల్లకి తనే బిగించాడు. "కళ్ళు పాడుచేసుకుంటున్నావే. నీ మంచికే తెచ్చాను" అన్నాడు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత ప్రేమగా చూసుకునే మనిషికి చెప్పకుండా పోదామనుకున్నానా అని తనని తాను తిట్టుకుంది. వదినతో కూడా అంది, "అన్నయ్య మనసు వెన్న వదినా" అని. వదిన ఏదో తెలిసినట్టు కూరగాయల వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ లైటు వెలుగులో ఎన్ని పుస్తకాలు బాగుపడ్డాయో. కంప్యూటరు మాత్రం నత్తనడక పట్టింది. ఆ మెకానిక్కునే మళ్ళీ పిలిపించారు. అతనొచ్చేసరికి అన్నయ్య కాగితం కొనడానికి బయటికి వెళ్ళాడు.

"చెత్త బాగా పేరుకుందక్కా" అన్నాడు అతను. "ఈ కుకీలు తీసేద్దామా? ఎప్పుడూ తీసినట్టు లేరు."

"అవి తీస్తే ఏదో అయిపోతుందని రాసుంటుంది కదా. ఇంతకీ అవేంటి?"

"మీరు ఏ సైటుకి వెళ్ళినా అది మీ కంప్యూటర్లో చిన్న చీటీలాంటిది పెట్టి పంపిస్తుంది. మళ్ళీ వెళ్తే ఆ చీటీ చూసుకుని, ఓహో మీరా అంటుంది."

ఆవిడ సూది పక్కన పెట్టి, బల్ల మీది పుస్తకం తిప్పి, వెనకట్ట లోపలి పెన్సిలు గుర్తు చూపించింది. "ఇలాగా?"

"అదే అక్కా, అచ్చం అదే. కొన్నయితే అవసరమే. మీరు మెయిల్లో ఉన్నారని గుర్తుపెట్టుకునేది అలాంటిదే. ఇంకో రకం ఉంది. మీకు గుడ్డ అమ్మేవాడు ఊళ్ళో అన్ని బైండింగు కొట్లకీ వెళ్తాడు కదా. వెళ్ళిన ప్రతి కొట్లోనూ అన్ని పుస్తకాల్లో తన గుర్తు కూడా గీసుకున్నాడనుకోండి. ఏ పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో వాడికి తెలిసిపోతుంది. ఈ ప్రకటనలవాళ్ళు ఆ బాపతు. మీరు చరిత్ర చెరిపినా వాళ్ళ గుర్తు పోదు." అతను మాట్లాడుతూనే స్క్రూలు విప్పుతున్నాడు. "చూసినదాన్నే చూపిస్తుందక్కా ఇది. మీ అన్నగారికి అప్పుడే చెప్పాను కదా, ఆ పెట్టెల బొమ్మలు ఎందుకొస్తున్నాయని అడిగితే."

"ఎప్పుడు అడిగాడు?"

"ప్రింటరుకి వచ్చినప్పుడు. ఇంట్లో ఎవరో వాటిని చూసుంటారండీ అన్నాను. అయితే నేను వేరేవి చూస్తే వాళ్ళకి వేరేవి వస్తాయా అనడిగారు. వస్తాయన్నాను. నవ్వారు." అతను తలెత్తాడు. "ఏమైందక్కా?"

"ఏం లేదు. గుర్తులు లేకుండా చూడ్డం ఎలాగో నాకు చూపించు."

అతను చూపించాడు. గుర్తులేవీ వెంట తీసుకెళ్ళని కిటికీ ఒకటి ఉంటుంది, ప్రైవేటు కిటికీ. అందులో అదే వార్తల సైటు తెరిచాడు. పలక లేచింది. "ఇక్కడ పెద్దది నొక్కక్కర్లేదు. చిన్నక్షరాల్లోకి వెళ్ళండి. అవసరమైనవి మాత్రమే అని ఉంటుంది, లేదా అన్నీ తిరస్కరించు. ఒప్పుకోకపోయినా పేజీ తెరుచుకుంటుంది. చాలామందికి ఆ సంగతి తెలీదు." సెట్టింగుల్లోకి వెళ్ళి పరాయివాళ్ళ కుకీలు ఆపడం, సైటు సైటుకీ విడిగా చూసి తీసేయడం కూడా చూపించాడు. ఆవిడ మాత్రం తెర మీదే కళ్ళు పెట్టింది. పాత కిటికీ, కొత్త కిటికీ పక్కపక్కన ఉన్నాయి. ఒకటే సైటు, ఒకటే రోజు. పాతదాంట్లో దొంగలూ, మోసాలూ, దిక్కులేని చావులు. కొత్తదాంట్లో వాన పడొచ్చని ఒక వార్త, ధరలు, ఎవరో గెలిచిన ఆట.

మెకానిక్కు వెళ్ళాక ఆవిడ గ్రంథాలయానికి ఫోన్ చేసింది. నంబరు ఆవిడకి నోటికి వచ్చు.

"అయ్యో, ఆ పనికి మనిషి వచ్చేసిందండీ" అంది అధికారిణి. మంచి మనిషి, బాధపడింది కూడా. "ఆ అమ్మాయికి కూడా ఈ ఊరు కొత్తే. మొదట్లో కాస్త బెరుకుగా ఉండేది. మా వీధిలోనే గది చూసిపెట్టాను. ఇప్పుడు హాయిగా ఉంది."

"మీ వీధిలోనా?"

"ఆ. మీరొస్తే ఇద్దామని అట్టే పెట్టిన గది."

ఆవిడ ఫోను పెట్టేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గుర్తులెలా చెరపాలో ఇప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. ఆ కోపం ఆవిడకే కొత్త. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఉన్న పుస్తకాలన్నీ వరసగా సర్దింది.

అన్నయ్య వచ్చాడు. కాగితాల కట్టలు దించుకుని కూర్చున్నాక ఆవిడ అడిగింది.

"అన్నయ్యా, ఆ దొంగతనాల వార్తలు నువ్వే చూసేవాడివి కదూ. నాకు రావాలని."

ఆయన వెంటనే కాదనలేదు. గ్లాసులో నీళ్ళు తాగి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. "చూశాను. చూడ్డం తప్పా? అందులో నేను కల్పించిందేమైనా ఉందా, అన్నీ జరిగినవే. నువ్వు దొంగచాటుగా గదులు వెతుక్కుంటుంటే నేను నిన్ను ఒక్క మాటన్నానా? నీ మంచికే చేశానే. అక్కడ నీకెవరున్నారు?"

"నువ్వు వద్దని ఉంటే బాగుండేదన్నయ్యా. వద్దంటే ఏడ్చేదాన్ని. పోట్లాడేదాన్నేమో కూడా. నువ్వు నాచేతే వద్దనిపించావు."

మెట్ల మీద నుంచి వదిన అంది, "పోనీలేవే. ఇక్కడ నీకేం తక్కువైందని."

నిజమే, ఏం తక్కువ. తిండి ఉంది, నీడ ఉంది, మెడ వంచే లైటు కూడా ఉంది. ఆవిడ వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. మాట్లాడి గెలిచే ఇల్లు కాదది.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య పడుకున్నాక కంప్యూటరు తెరిచింది. చరిత్ర చెరిపే చోటికి వెళ్ళింది. రోజూ టిక్కు తీసేసిన గడిలో ఈసారి టిక్కు పెట్టింది. చాలా సైట్ల నుంచి బయటికి వచ్చేస్తారు అన్న హెచ్చరికని రెండుసార్లు చదివింది. చదివి నొక్కింది. కాసేపట్లో అన్నీ పోయాయి. నీలం పెట్టె పోయింది, దొంగలు పోయారు, కొట్టు మెయిలూ పోయింది. అది చేసినందువల్ల ఉద్యోగం తిరిగి రాదని ఆవిడకి తెలుసు.

మరుసటి పొద్దున్న అన్నయ్య టీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. స్కూలు వాళ్ళ పెద్ద ఆర్డరు ఆ రోజే ఖాయం చేయాలి. ఆయన ఒకటి రెండు సార్లు ఏదో కొట్టి చూశాడు.

"ఇదేంటే, పాస్‌వర్డ్ అడుగుతోంది."

ఆవిడ బల్ల దగ్గర ఒక పుస్తకం వెన్ను సరిచేస్తోంది. "అడుగుతుందన్నయ్యా."

"ఏంటది?"

"గుర్తులేదు."

ఆ పాస్‌వర్డ్ పెట్టింది ఆవిడే. అది ఆవిడకి తన పేరంత బాగా గుర్తుందని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని ఆవిడకీ తెలుసు. తెర మీద ఖాళీ గడి ఒకటి ఆయన్ని నువ్వెవరని అడుగుతూ మెరుస్తోంది. వదిన మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"నీ మంచికే చెప్తున్నా అమ్మాయ్" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. "గుర్తు తెచ్చుకో."

"సరే" అంది ఆవిడ. లైటు మెడ తన వైపు వంచుకుని, సూదిలో దారం ఎక్కించి, కుట్టుకుంటూ కూర్చుంది.